గుండ్రటి ముద్ర చెల్లినంత దూరం

అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర రిజిస్టరుకు కట్టిన పెన్ను దారం ఎప్పుడూ పొట్టిగానే ఎందుకుంటుందో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. పెన్ను పోకుండా కట్టారంటే ఒప్పుకుంటాను. కానీ పేరు రాసే గడి దాకా బాగానే వచ్చే ఆ దారం, ‘ఎవరి కోసం వచ్చారు’ అనే గడి దగ్గరికి చేరేసరికి అయిపోతుంది. ఇక మనిషే వంగాలి. వంగి రాస్తున్నంతసేపూ వాచ్‌మన్ పైనుంచి చూస్తూ ఉంటాడు. ఆ చూపులో కోపం ఉండదు, మర్యాదా ఉండదు. ఒక రకమైన నిదానం ఉంటుంది.

ఆ నిదానం నాకు బాగా తెలుసు. కొన్ని వారాలపాటు అది నా ముఖం మీదే ఉండేది.

అప్పట్లో నేను జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాడిని. మొదటి సంవత్సరం పిల్లలకు సార్వభౌమాధికారం పాఠం ఏటా వానల్లో వచ్చేది. మాది రేకుల షెడ్డు. రాజ్యానికి ఉండే ఆ అధికారం సర్వోన్నతమైనదని, విభజించడానికి వీల్లేనిదని, మరొకరికి బదిలీ చేయడానికి కుదరనిదని వాన చప్పుడుకు మించి అరిచి చెప్పాల్సి వచ్చేది. అరిచి చెప్పినందుకో ఏమో, అది నిజమని నాకు కూడా గట్టి నమ్మకం కుదిరింది.

ఒకసారి పాలకుర్తి వైపు నుంచి ఆటోలో వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడింది.

“సార్, మనకొచ్చే రాష్ట్రానికి గిది ఉంటదా?”

“ఉండదమ్మా. గది దేశానికే ఉంటది.”

“మరి మనకేముంటది సార్?”

వాన కొంచెం తగ్గింది. జవాబు చెప్పక తప్పలేదు. మన ఫైలును మన మాటల్లో చదివేవాడు ఒకడుంటాడని చెప్పాను. ఆ అమ్మాయి దాన్ని నోట్సులో రాసుకుంది. పరీక్షలో కూడా అదే రాసింది. సిలబస్‌లో లేకపోయినా మార్కు వేశాను.

ఆ తర్వాత కొద్ది నెలలకే రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. కాలేజీలు, ఆఫీసులు, బస్సులు అన్నీ నిలిచిపోయాయి. చౌరస్తాలో టెంట్ వేశారు. పొద్దున రిలే నిరాహార దీక్ష, మధ్యాహ్నం రోడ్డు మీదే వంట, రెండింటికీ మధ్య రాస్తారోకో. రోడ్డు ఆపిన మొదటి రోజే ఒక చిక్కు తెలిసింది. రోడ్డును ఆపడానికి రెండు బండరాళ్లు చాలు. ఆపినవాటిలో దేన్ని వదలాలో చెప్పడానికి మాత్రం మనిషి కావాలి. దవాఖానకు పోయేవాళ్లు, పాల డబ్బాలు, పెళ్లివాళ్లు, చావుకు పోయేవాళ్లు టెంట్ ముందు నిలబడి ఒకేసారి మాట్లాడేవారు. కమిటీ పెద్దలు ఆలోచించి, అనుమతి చిట్టీలు ఇవ్వాలని తీర్మానించారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, పైగా చదివింది రాజనీతి. నాకొక బల్ల, ఒక కిరాయి కుర్చీ ఇచ్చారు. పెన్నులు పోతున్నాయని సుతిలి తాడుతో పెన్నును బల్లకాలికి కట్టింది కూడా నేనే.

రెండో రోజుకు చిట్టీ ఒక్కటే చాలదని తేలింది. ఎవరు పడితే వాళ్లు రాసుకుంటున్నారు. ముద్ర చేయించుకు రమ్మని నన్నే పంపారు. ముద్రలు చేసే పెద్దాయన షట్టరు వెనక నుంచి లోపలికి పిలిచి అడిగాడు.

“గుండ్రందా, పలకదా సార్?”

“ఏదైతే ఏంది?”

“ఏదైతే ఏందంటే ఎట్ల సార్? పలకది కొడితే పాల డెయిరీ అనుకుంటరు. గుండ్రంగుంటెనే జర భయముంటది.”

గుండ్రందే చేయించాం. ఊదా రంగు సిరా. ఆ సాయంత్రం మొదటి చిట్టీ మీద ముద్ర కొట్టినప్పుడు టెంట్‌లో కూర్చున్నవాళ్లు దీక్ష మరిచి లేచి వచ్చి చూశారు. నాకు కూడా పాఠం చెప్పినట్టు కాకుండా, పాఠమే నా చేతిలోకి వచ్చినట్టు అనిపించింది. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు పెళ్లి చిట్టీ మీద ఒక లారీ సిమెంటు దాటిపోయింది. కమిటీకి కోపం వచ్చింది. ఇకనుంచి ఆధారం చూడకుండా ఎవరినీ వదలొద్దన్నారు. ఆ మర్నాడే ఒక అవ్వ ఆటో దిగి నా బల్ల ముందుకు వచ్చింది. సంకలో గుడ్డసంచి ఉంది.

“మా చెల్లె సచ్చిపోయింది కొడుకా. తల్లిగారింటి చీర నేనే పట్కపోవాలె. ఒక్క సంతకం వెట్టు.”

మా వైపు పెళ్లయిన ఆడమనిషి పోతే, ఆమె పుట్టింటి నుంచి, అంటే తల్లిగారింటి నుంచి, కొత్త చీర రావాలి. అది కప్పినాకే శవాన్ని లేపుతారు. ఎంత ఆలస్యమైనా ఆ చీర కోసం ఆగుతారు. ఇదంతా నాకు తెలియనిది కాదు. కానీ నేనప్పుడు మా ఇంటి మనిషిగా కూర్చోలేదు.

“ఆధారం ఏమన్న ఉన్నదా అవ్వా?”

ఆమె సంచిలో నుంచి చీర తీసి బల్ల మీద పెట్టింది. మడతల మధ్య కాగితం ఇంకా అట్లాగే ఉంది.

“గిదే ఆధారం.”

“చీర ఎవలైన పట్టుకొస్తరు అవ్వా.”

టెంటంతా గొల్లున నవ్వింది. నేను నవ్వలేదు. హాస్యం చెప్పినవాడు నవ్వకూడదని నాకొక నియమం. ఆమె ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేసి చెప్పేదాకా కూర్చోమన్నాను. ఆమె కూర్చుంది. టీ ఇస్తే పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదని, వద్దని చెప్పింది. ఫోన్ వచ్చాక చిట్టీ రాసి, ముద్ర కొట్టి, సిరా ఆరేదాకా ఊది మరీ ఇచ్చాను.

ఆ రాత్రి అన్నం తింటూ ఈ ముచ్చట ఇంట్లో చెప్పాను. అవ్వ గొంతు, నా గొంతు రెండూ పెట్టి చెప్పాను. అరగంట కూర్చోబెట్టానన్నాను. నిజానికి ఆమె ముందు టీ రెండుసార్లు తిరిగింది. మా టెంట్‌లో టీ గంటకోసారి వచ్చేది. అమ్మ కొంచెం నవ్వి, చారు పోస్తూ అడిగింది.

“ఆఖరుకు చీర అందిందా బిడ్డా ఆమెకు?”

“ఏమో, నాకేం తెల్సు?” అన్నాను.

వారం గడవకముందే భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, తెల్లవారుజామున పోయింది. అక్కడ పెద్దమ్మ అల్లుడు బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఆమె ఉండేది కూతురి దగ్గరే. ఫోన్ చేసింది ఆ కూతురే, నాకు అక్క. ఏడుస్తూనే లెక్కగా మాట్లాడింది.

“నడి పొద్దు వరకు సూస్తం చిన్నమ్మా. చీర మీరు తేవాలె. మామను తోల్కొనే రాండ్రి.”

అమ్మమ్మ, తాతయ్య ఎప్పుడో పోయారు. కాబట్టి తల్లిగారిల్లంటే ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉన్న మా మేనమామే. బట్టల దుకాణాలు బంద్. అమ్మ తన కోసం దాచుకున్న కొత్త చీర, ఎర్రంచు ఆకుపచ్చది, పెట్టెలో నుంచి తీసింది. తమ్ముడి చేత్తో ఇప్పిస్తే అది తల్లిగారింటి చీర అవుతుందని చెప్పింది. మామకు అక్కడ బండి దొరకదు. మాకు తెలిసిన జీపు ఉంది, దానికి చిట్టీ ఇవ్వడం నా చేతిలోనే ఉంది. జనగామ నుంచి నేరుగా పోకుండా మహబూబాబాద్ చుట్టి పోవడం అందుకే.

చిట్టీ నేనే రాసుకున్నాను. నా జీవితంలో అంత అందంగా ఏదీ రాయలేదు. నాకు నేనే అనుమతి ఇచ్చుకుని, దాని మీద ముద్ర కొట్టుకుని, కింద సంతకం పెట్టాను. పైన ఎవరూ లేని అధికారం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పాలకుర్తిలో మా ముద్రను గుర్తుపట్టి చెయ్యెత్తారు. తొర్రూరులో చిట్టీ చదవకుండానే ముద్ర చూసి పొమ్మన్నారు. అమ్మ చీరను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ముందు సీట్లో కొంచెం నిటారుగా కూర్చున్నాను.

మహబూబాబాద్‌లో స్టేషన్‌కు కొంచెం ఇవతలే టెంట్ ఉంది. మామ అప్పటికే వచ్చి రోడ్డు మీద ఎదురుచూస్తున్నాడు. టెంట్ పెద్దమనిషి నా చిట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దస్తూరి మంచిగున్నదన్నా. కని గిది జనగామల చెల్లుతది.”

“అందరిదీ ఒకటే ఉద్యమం గదన్నా,” అన్నాను.

“ఉద్యమం ఒకటే. టెంటు వేరే.”

విభజించడానికి వీల్లేనిదాని గురించి నేను వాన చప్పుడును మించి అరిచిన పాఠమంతా గొంతు దాకా వచ్చి ఆగింది. ఆ మనిషి తప్పు మాట్లాడలేదు. మా టెంట్‌కు మహబూబాబాద్ చిట్టీ తెస్తే నేను కూడా అదే అనేవాడిని, బహుశా ఇంకొంచెం పొడుగు వాక్యంలో.

ఆనాటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే జిల్లా. తర్వాత రాష్ట్రం వచ్చింది, మూడూ మూడు జిల్లాలయ్యాయి. మాకు జిల్లా కావాలని జనగామలో మళ్లీ టెంట్ వేసినప్పుడు అందులోనూ కూర్చున్నాను. ఇప్పుడు సరిహద్దుల దగ్గర ఆకుపచ్చ బోర్డులున్నాయి. బోర్డులు లేని ఆ రోజున సరిహద్దులు ఇంకా గట్టిగా ఉండేవి.

“మా మామ ఇక్కడి మనిషే. ఆయనను అడుగుండ్రి,” అన్నాను.

అక్కడే పొరపాటు జరిగింది. మామకు కిరాణా దుకాణం ఉంది. టెంట్‌లో నుంచి ఎవరో అందుకున్నారు.

“గీ సేటునా? నిన్న షట్టర్ సగం లేపిండు గద!”

“ఎలుకలు జొర్రినయని లేపిన,” అన్నాడు మామ.

“ఎలుకలకు తక్కెట్ల చింతపండు జోకిచ్చినవా సేటూ?”

అమ్మ జీపు దిగి టెంట్ దగ్గరికి వచ్చింది. తన అక్క పోయిందని, ఇంటి ముందు శవం ఉందని చెప్పింది. పెద్దమనిషి వెంటనే లేచి నిలబడ్డాడు, ఆమెకు కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. అతను చెడ్డవాడు కాదు. మేం ఎవరమూ చెడ్డవాళ్లం కాదు. అది చెప్పుకోవడానికి పనికొచ్చేది కానీ చిట్టీకి పనికొచ్చేది కాదు.

అతని ఇబ్బంది అతను చెప్పాడు. ఆ రోజు దీక్షకు ఐదుగురి పేర్లు పేపరువాళ్లకు ఇచ్చారు. వచ్చింది నలుగురే. షట్టర్ లేపిన సేటును ఊరికే వదిలితే రేపు బజారంతా లేపుతుంది. ఫోటో దిగేదాకా మామ ఐదో మనిషిగా కూర్చుంటే రెండు సమస్యలూ తీరుతాయి. తర్వాత చిట్టీ, కావాలంటే తోడు పంపించడానికి ఒక మనిషి కూడా.

“పది నిమిషాలు అక్కా. ఫోటో ఆయన బయలుదేరిండు.”

మామ మెడలో బంతిపూల దండ వేసి కూర్చోబెట్టారు. సొంత అక్క చనిపోయిన రోజున మెడలో దండతో, దీక్షలో ఉన్నవాడిగా, ఆయన రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పొద్దటి నుంచి ఏమీ తినలేదు కాబట్టి దీక్ష మాత్రం అబద్ధం కాదు. ఫోటో ఆయన పది నిమిషాలకు రాలేదు. ముందు జనం ఎక్కువున్న చోటికి పోయాడన్నారు, తర్వాత బండిలో పెట్రోల్ లేదన్నారు. టీ వచ్చింది. మళ్లీ టీ వచ్చింది. ఇక్కడ టీ ఎంతసేపటికొకసారి వస్తుందని నేను అడగలేదు.

ఫోటో అయ్యాక అమ్మ చీరను మామ చేతికి ఇచ్చి, మళ్లీ తీసుకుంది. అంతే, అది తల్లిగారింటి చీర అయిపోయింది. దానికి ముద్ర అక్కర్లేకపోయింది. నాకు మహబూబాబాద్ చిట్టీ ఇచ్చారు. వాళ్ల ముద్ర కూడా గుండ్రందే.

గూడూరు దాటాక అడవి అంచున రోడ్డుకు అడ్డంగా రెండు చెట్లు పడేసి ఉన్నాయి. టెంట్ లేదు, జెండా లేదు, మనిషి లేడు. డ్రైవర్ ఇంజన్ ఆపి నా వైపు చూశాడు.

“చిట్టీ సూపియ్యి సార్.”

మామ నవ్వాడు, ఆ రోజుకు అదొక్కటే ఆయన నవ్వు. పక్కన బండ్లబాటలో దిగితే చక్రం బురదలో కూరుకుపోయింది. నేను, మామ, డ్రైవర్ నెట్టాం. కొంత సేపటికి అమ్మ కూడా చీరను సీటు మీద పెట్టి దిగింది. ఫోన్ చేద్దామంటే నాకు సిగ్నల్ లేదు. సిగ్నల్ వచ్చే చోటికి చేరాక అక్క ఫోన్ బంద్ అని వచ్చింది.

“మనం పోయేదాక లేపరక్కా,” అన్నాడు మామ. “తల్లిగారం మనం. మనది రాకుంట ఎవడు లేపుతడు?”

ఆ మాటలో ఉన్న ధీమా నాకు తెలిసినదే. అది నా బల్ల వెనక కూర్చున్న ధీమా. కానీ మామది పాతది. కమిటీలు, పోలీసులు, సర్కారు ఏవీ రాకముందు నుంచి ఉన్నది. ఎవరూ లేపలేరు అని ఒక కిరాణా దుకాణందారు అనగలడు, ఊరంతా ఆగుతుంది. నా పాఠంలో చెప్పిన లక్షణాలన్నీ దానికి సరిగ్గా సరిపోతున్నాయని ఆ కుదుపుల్లో నాకు తోచింది. మేం పరేషాన్‌లో ఉన్నా అటువంటివి తోచడం నాకున్న జబ్బు.

భూపాలపల్లి చేరేసరికి పొద్దు పడమటికి దిగింది. అక్కడి టెంట్‌లో బొగ్గుబాయి పనివాళ్లు ఉన్నారు. బల్ల వెనక నా వయసువాడే ఒకడు, తల తడిగా ఉంది, భుజం మీద తువ్వాల. అతని పెన్ను కూడా బల్లకు కట్టి ఉంది. మా రెండు చిట్టీలూ చూసి పక్కన పెట్టాడు.

“గివి ఇక్కడ నడువయన్నా. ఎవలింటికి? ఆధారం ఏంది?”

చావుకు వచ్చామని చెప్పాను. అమ్మ జీపులో నుంచే చీర పైకెత్తి చూపించింది.

“చీర ఎవలైన పట్టుకొస్తరు అవ్వా,” అన్నాడు అతను.

మాట ఒక్కటే కాదు, నవ్వకుండా అనడం కూడా నాలాగే. టెంట్‌లో ఎవరో నవ్వారు. నేను అమ్మ వైపు చూడలేదు. పెద్దమ్మ అల్లుడి పేరు మామ చెప్పాడు. అతను పెన్ను కింద పెట్టాడు.

“ఆ ఇంటికా? ముందే చెప్పద్దా బాపూ! లేపి గంట దాటె. నేను గూడ పాడె వట్టి, తానం చేసే వచ్చిన.”

మా కోసం రాళ్లు తనే పక్కకు జరిపాడు. చిట్టీ రాయలేదు.

ఇంటి ముందు నీళ్లు చల్లి ఉన్నాయి. శవాన్ని ఉంచిన ఐసు పెట్టె ఖాళీగా గోడకు ఆనించి ఉంది. అక్క అమ్మను పట్టుకుని ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని చెప్పింది.

“రెండు దాటేదాక సూసినం చిన్నమ్మా. కరెంటు పొద్దుగాలనే పోయింది. ఐసు పెట్టె బందైంది. ఫోన్లు గూడ సచ్చినయ్.”

బొగ్గు తీయడం ఆగితే కరెంటు ఆగుతుందని, కరెంటు ఆగితే ఢిల్లీకి తెలుస్తుందని మేమందరం టెంట్లలో చెప్పుకున్న మాటే. ఢిల్లీకి తెలిసిందో లేదో కానీ ఈ ఇంటికి తెలిసింది. బావ కూడా సమ్మెలోనే ఉన్నాడు. తల వంచుకుని ఐసు పెట్టె వైర్లు చుట్టుతున్నాడు.

“మరి చీర?” అన్నాడు మామ.

“చీర లేకుంట ఎట్ల లేపుతరని పెద్దోళ్లు గునిగిన్రు. ఇగ ఎంతసేపుంచుతం మామా? అమ్మ పెట్టెల చూస్తే ఒక చీర ఉండె, మడత ఇప్పనిది. ఎన్నడో తల్లిగారింట్ల ఒడిబియ్యం పోసిన నాడు నువ్వు పెట్టింది. గదే కప్పిన. తల్లిగారి చీరనే, లేపుండ్రి అన్న. లేపిన్రు.”

మామ అరుగు మీద కూర్చున్నాడు. ఆయన చొక్కా కాలరులో ఇంకా ఒక బంతిపువ్వు రేక ఉంది.

తర్వాత చాలా ఏళ్లు ఆ పాఠం చెప్పాను. నిర్వచనాలు అవే చెప్పాను, పరీక్షల్లో అడిగేది అవే కాబట్టి. కానీ నియమం ఆగిపోయిన చోట ఎవరి మాట నడుస్తుంది అనే పేరా దగ్గరికి వచ్చినప్పుడు నాకు కమిటీ గుర్తుకు రాదు, నా ముద్ర గుర్తుకు రాదు. బల్ల లేకుండా, చిట్టీ లేకుండా, చీరల పెట్టె మూత తెరిచి పెద్దల ముందు నిలబడిన మా అక్క గుర్తుకొస్తుంది. ఆ అధికారం ఎవరిచ్చారని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఎవరినీ ఆధారం అడగలేదు.

ఆ సాయంత్రం అమ్మ వాకిట్లో పీట మీద కూర్చుంది. ఆకుపచ్చ చీర ఆమె ఒళ్లోనే ఉంది. గూడూరు బురద అంచుకు కొంచెం అంటింది. దాన్ని గోటితో గీకుతోంది. నేను పక్కన కూర్చుని, మహబూబాబాద్‌లో ఫోటో ఆయన వేళకు వచ్చి ఉంటే అందేవాళ్లమని అన్నాను. దారిలో ఆ చెట్లు లేకుంటే కూడా అందేవాళ్లమని అన్నాను. అమ్మ గీకడం ఆపలేదు, తల ఎత్తలేదు.

“మొన్న నువ్వు నవ్విచ్చుకుంట చెప్పిన ముచ్చట గిదే గద బిడ్డా,” అంది.